బుధవారం కన్నబాబు రాక

సన్యాసమ్మ చెల్లెలి అల్లుడు బోటు పని మీద పారాదీపు వెళ్ళినప్పుడు కన్నబాబును కళ్ళారా చూశాడట. అక్కడి జెట్టీ మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడట. పక్కన ఒక ఒరియా మనిషి, ముక్కుకు రెండువైపులా పుడకలు పెట్టుకుని, కిళ్ళీ చుట్టి నోటికి అందిస్తూ ఉందట. పలకరిస్తే ముఖం పక్కకు తిప్పుకున్నాడట. ఈ మాట సన్యాసమ్మ చిట్టెమ్మకు చెప్పింది. చిట్టెమ్మ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి జాలారిపేట మొత్తానికీ తెలిసింది. తెలిసి ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో ఆ ఒరియా మనిషికి ఇద్దరు పిల్లలు పుట్టారు, పెద్దదానికి చెవులు కూడా కుట్టించారు. అంతా చిట్టెమ్మ చేతుల మీదుగానే జరిగింది.

కన్నబాబు అన్న చలమయ్య మాత్రం ఈ కథను నమ్మలేదు. ఏడేళ్ళ క్రితం కన్నబాబుతో కలిపి ముగ్గురు ఫైబరు బోటులో వేటకు వెళ్ళారు. నాలుగోనాటికి ఇద్దరి దేహాలు భీమిలి వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మూడోవాడు ఈదుకుంటూ పారాదీపు వెళ్ళి కాపురం పెట్టాడంటే, అంత ఈత తన తమ్ముడికి రాదని ఆయనకు తెలుసు. దేహం దొరకనివాడికి వరిగడ్డితో బొమ్మ చేసి, వాడి బట్ట ఒకటి చుట్టి, ఒడ్డున కాల్చాలి. అప్పుడే పోయినవాడికి దారి, ఉన్నవాళ్ళకు నిద్ర. కానీ కన్నబాబు భార్య గంగాలమ్మ ఒప్పుకోలేదు. "సూసినోలు ఉన్నారు కదా బావా. బతికున్న మనిసికి బొమ్మ కాల్సీమంతావేటి" అనేది. ఏటా చలమయ్య పద్మనాభం పొలాల నుంచి ఒక మోపు గడ్డి తెప్పించడం, మరదలు కాదనడం, ఆ గడ్డిని పేటలో తిరిగే ఆవులు తినడం జరిగేది. కన్నబాబు పేరున పుణ్యం దక్కిందంటే ఆ ఆవులకే దక్కింది.

ఈ ఏడాది చలమయ్య పట్టు బిగించాడు. శుక్రవారం అమావాస్య. ఈ అమావాస్య దాటనిచ్చేది లేదన్నాడు. గడ్డి వచ్చింది. ఆవులకు అందకుండా డాబా మీద పెట్టించాడు కూడా.

అన్నిటికీ మధ్యలో వాసు ఉన్నాడు. గంగాలమ్మకూ కన్నబాబుకూ ఒక్కడే కొడుకు. మద్దిలపాలెంలో ఒక ప్రైవేటు కాలేజీలో సినిమా చదువు చదువుతున్నాడు. "సినిమాకి సదువేటిరా, టిక్కెట్టు కదా" అని పెదనాన్న అడిగిన ప్రశ్నకు మూడేళ్ళుగా జవాబు వెతుకుతున్నాడు. ఇది చివరి సంవత్సరం. పది నిమిషాల సినిమా తీసి చూపించాలి. ఉమాశంకర్ మాస్టారు రెండే చూస్తానని ముందే చెప్పాడు. మనిషిని మొదటిసారి తెరమీదికి ఎలా తీసుకొస్తావన్నది ఒకటి. ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మలోకి ఎలా దాటుతావన్నది రెండు. మిగతాది ఫోను ఉన్న ఎవడైనా తీస్తాడన్నాడు.

దాటడం వాసుకు బాగానే పట్టుబడింది. పోర్టు క్రేను కొక్కెం ఆకాశంలో ఊగుతుంటుంది, అదే ఊపు మీద చేపలు తూచే అమ్మ కాటా కొక్కెం వస్తుంది. విసిరిన వల గుండ్రంగా నీటిమీద పరుచుకుంటుంది, అది మునిగేలోపు అమ్మ దులిపి దండెం మీద ఆరేసే చీర అవుతుంది. ఇవి కాగితం మీద గళ్ళు గీసి బొమ్మలు వేసి చూపిస్తే మాస్టారు తలూపాడు. పేచీ అంతా మనిషిని తీసుకురావడం దగ్గరే వచ్చింది.

కథ చిన్నది. సముద్రంలో పోయిన జాలరి ఒకే ఒక్క ఉదయానికి తిరిగొస్తాడు. ఆ జాలరికి వాసు ముందు సింహాద్రి అని పేరు పెట్టి కొట్టేశాడు. ఎల్లాజీ అని పెట్టి కొట్టేశాడు. చివరికి కన్నబాబు అనే రాశాడు. ముఖం చూపించనని, వీపు మాత్రమే చూపిస్తానని చెప్పి, మాస్టారుతో అదొక పద్ధతి అన్నాడు. పద్ధతీ లేదు, పాడూ లేదు. వాడికి ఆ ముఖం సరిగ్గా గుర్తు లేదు. పెళ్ళి ఫొటో హుద్‌హుద్ తుఫానులో నాని ముద్దయిపోయింది. ఆధార్ కార్డులో ఉన్న ముఖం, అందరి ఆధార్ ముఖాల్లాగే, ఎవరిదైనా కావచ్చు. వీపు మాత్రం గుర్తుంది. పదమూడేళ్ళు వచ్చేదాకా తెల్లవారుజామున ఆ వీపు వెనకాలే జెట్టీ వరకు నడిచాడు.

ఆ వీపులోంచి చివరికి దేనిలోకి దాటాలో కూడా వాడికి తెలుసు. ఒడ్డున నిలబెట్టిన గడ్డిబొమ్మలోకి. ఆ గడి దగ్గర మాత్రం పెన్సిలు కదల్లేదు. ఖాళీగా వదిలేసి చార్టు పేపరు తెచ్చి ఇంట్లో గోడకు అంటించాడు. అమ్మకు చదువు రాదు. రహస్యం దాచడానికి గోడకన్నా భద్రమైన చోటు లేదనుకున్నాడు.

చార్టు మీద పైన పెద్దక్షరాలతో ఇలా ఉంది. బుధవారం. ఉదయం ఆరు గంటలు. జెట్టీ. కన్నబాబు రాక. గళ్ళ చొక్కా. ముఖం కనబడదు.

వీపు మధులత ఇంట్లో దొరికింది. మధులత వాసు క్లాసులోనే చదువుతుంది, కెమెరా ఆమెది. వాళ్ళ తాత జగ్గయ్య పాలకొల్లు వైపు నుంచి స్టీలుప్లాంటు ఉద్యోగానికి వచ్చి, రిటైరై, పిల్లల దగ్గర టౌన్‌షిప్‌లోనే ఉండిపోయాడు. పగలు రోలింగ్ మిల్లు, పండగ వస్తే నాటకం. ఒకరోజు ఆయన వంగి చెప్పుల పట్టీ పెట్టుకుంటుంటే వాసు వెనకనుంచి చూసి ఆగిపోయాడు. రెండు భుజాల మధ్య అదే పల్లం.

"వీపా?" అన్నాడు జగ్గయ్య విని. "ఏంటబ్బాయ్, నలభయ్యేళ్ళు ముఖానికి రంగు పూసుకున్నవాణ్ణి. ముఖం వద్దంటే ఎలాగోయ్?"

"వీపుతోనే నటించాలి తాతగారూ."

"వీపుతో ఏం చేస్తారోయ్. గోక్కుంటారు."

"ఊరికే నడిస్తే చాలండి."

"పోనీ చివర్లో కాస్త తిరుగుతాను. ఎక్కువొద్దు, చెవి దాకా."

"తాతయ్యా, నువ్వు చెవి దాకా అన్నావంటే పద్యం దాకా వెళ్తావు" అంది మధులత. "తిరగడానికి లేదు."

సోమవారం అమ్మ బజారుకు వెళ్ళాక వాసు ట్రంకుపెట్టె తెరిచి నాన్న గళ్ళ చొక్కా తీశాడు. కలరా ఉండల వాసన కొట్టింది. మిగిలిన చొక్కా అదొక్కటే.

మంగళవారం మధ్యాహ్నం చిట్టెమ్మ తోడుకు పెరుగు కోసం వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. పెరుగు గిన్నె కోసం వెతుకుతూ గోడ చూసింది. చిట్టెమ్మది అయిదో తరగతి. వేలు పెట్టి, పెదవులు కదిపి, ఒక్కో అక్షరమే చదివింది. మూడుసార్లు చదివాక పెరుగు సంగతి మరిచిపోయి సన్యాసమ్మ ఇంటికి నడిచింది.

"రేపు పొద్దున్న ఆరుగంటలకంట, జెట్టీకంట. కాయితం ఏసి గోడకి అంటించీసినారు."

"పారాదీపు నుంచి కాయితమొచ్చిందేటి?"

"మరి. ఏ పోలీసోలో పంపుంతారు. మొకం కనబడదని కూడా రాసీసినారు."

"అదేటే?"

"సిగ్గుండదేటి? ఏడేళ్ళు ఇంకోదాని సేతి కూడు తిన్నోడు ఏ మొకం ఎట్టుకు వత్తాడు. అందుకే సొక్కాయి రాసినారు. గళ్ళదంట. మనం పోల్సుకోడానికి."

సాయంత్రానికి పేట రెండుగా చీలింది. వచ్చిన మనిషిని ఏమీ అనకుండా ఇంట్లోకి తీసుకెళ్ళాలని కొందరు. ముందు చీపురుతో నాలుగు తగిలించి తర్వాత తీసుకెళ్ళాలని కొందరు. తీసుకెళ్ళాలన్న దగ్గర మాత్రం అందరిదీ ఒకటే మాట. చలమయ్యకు చెబితే కసిరాడు. "సచ్చినోడు టైము రాసి వత్తాడేటి? రైలా?" అన్నాడు. అన్నాడుగానీ, చీకటి పడకముందే మంగలి దగ్గరికి వెళ్ళి పదిరోజుల గెడ్డం గీయించుకొచ్చాడు.

వాసుకు ఎవరూ చెప్పలేదు. గోడకు అంటించినవాడికి చెప్పేదేముంది?

బుధవారం తెల్లారేసరికి వాసు, మధులత, జగ్గయ్య ఆటో దిగారు. వేలం అయిపోయి ఐసు బళ్ళు కదులుతున్నాయి. తూర్పున ఎర్రగా అవుతోంది. ఖాళీగా ఉంటుందనుకున్న జెట్టీ చివర అరవైమంది దాకా నిలబడి ఉన్నారు. పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు, చంకలో పిల్లలు. ముందు వరసలో చలమయ్య, ఉతికిన పంచె, గీసిన గెడ్డం.

వాసు వరస మొత్తం కలియజూశాడు. మూడేళ్ళుగా వెక్కిరించిన పేట ఈరోజు తన సినిమా చూడటానికి పొద్దున్నే లేచి వచ్చింది. పెదనాన్న గెడ్డం గీయించుకుని మరీ వచ్చాడు.

"పెదనానా, మీరంతా ఇలగ కెమెరా ఎనకాలకి రండి. ముందుకొస్తే పడిపోతారు బొమ్మలో" అన్నాడు.

"కెమెరా ఎందుకురా?" అన్నాడు చలమయ్య.

"మరి తియ్యాల కదా."

చలమయ్య కాసేపు ఆలోచించాడు. "నిజవే. ఆదారం ఉండాల" అని అందరినీ వెనక్కి జరిపాడు. ఇంత బుద్ధిగా చెప్పినమాట విన్న జనాన్ని వాసు ఎన్నడూ చూడలేదు.

చిట్టెమ్మ చూపు మధులత మీద పడింది. తెల్లని పిల్ల, ప్యాంటు, ఈ పేటదికాదు. పైటచాటున ఉన్న చీపురును కొంచెం కిందికి జార్చి దగ్గరికి వెళ్ళింది.

"ఏ ఊరమ్మా మీది? మీయమ్మది పారాదీపేటి?"

"కాదండీ. మా అమ్మది పాలకొల్లు" అంది మధులత కెమెరా సరిచేసుకుంటూ.

చిట్టెమ్మ వెనక్కి వచ్చి సన్యాసమ్మ చెవిలో చెప్పింది. "పాలకొల్లులో కూడా ఉందంట ఒకతె."

"ఇంత పెద్ద గుంట ఉంతాదేటి? ఆడు ఎల్లి ఏడేళ్ళే కదే."

"అంటే ముందు నుంచే ఉన్నాదన్నమాట."

ఆరు గంటలకు వాసు చెయ్యి ఊపాడు. రెండు బోట్ల మధ్యనుంచి గళ్ళ చొక్కా బయటికి వచ్చింది. కెమెరాకు వీపు పెట్టి, సముద్రం వైపు, మెల్లగా నడక మొదలుపెట్టింది. వెనక ఉన్న అరవైమందికీ కనబడింది కూడా ఆ వీపే. ఎండ భుజాల మీద పడింది. రెండు భుజాల మధ్య పల్లం నీడతేలింది. చీపుర్లు కిందికి దిగాయి.

చలమయ్యకు కుడి మోకాలు అరిగిపోయింది. గుడి మెట్లెక్కాలంటే మెట్టుకొక తిట్టు తిట్టే మనిషి. ఆయన పరుగెత్తాడు. పట్టీ కట్టిన కాలు ఈడ్చుకుంటూ, పంచె ఊడిపోతుంటే ఒక చేత్తో పట్టుకుంటూ, కెమెరాను దాటుకుని పరుగెత్తి, వెనకనుంచి ఆ వీపును రెండు చేతులతో వాటేసుకున్నాడు.

"ఒరే తమ్ముడా, ఒరే కన్నబాబూ. గడ్డి కూడా తెప్పించీసినాన్రా నీకు."

మధులత కెమెరా ఆపలేదు. వాసు ఆపమనలేదు. చాలా బాగా వస్తోంది.

జగ్గయ్యకు నలభయ్యేళ్ళ నాటకానుభవం ఒకటే నేర్పింది. ఎదుటి నటుడు లేనిది కల్పించి మాట్లాడితే అందుకోవాలిగానీ తెల్లమొహం వేయకూడదు. పైగా తిరగడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. తిరిగాడు. చలమయ్యను గుండెకు హత్తుకున్నాడు.

"అన్నయ్యా, వచ్చానన్నయ్యా. నీ పాదాల చెంతకే వచ్చాను. ఈ పాపిని మన్నిస్తావా అన్నయ్యా?"

చలమయ్య కళ్ళు మూసుకుని ఆ భుజం మీదే ఉన్నాడు. మాట విన్నాడు. కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఎవలు నువ్వు?"

"నీ తమ్ముణ్ణన్నయ్యా."

"నా తమ్ముడు నన్నెప్పుడూ అన్నయ్యా అననేదు. ఒరే సలమాయ్ అనేవోడు."

అప్పుడు కళ్ళు తెరిచాడు. కొట్టలేదు, తిట్టలేదు. చేతులు వదిలేసి, పక్కన చుట్టగా పడి ఉన్న మోకు మీద కూర్చున్నాడు. ఈలోగా జనం చుట్టుముట్టారు.

"సొక్కాయి కన్నబాబుదే. మనిసి మారిపోనాడు" అంది చిట్టెమ్మ.

"ఏడేళ్ళకి అంత ముసిలోడైపోతాడేటే?"

"పారాదీపు నీళ్ళు పడనేదేమో."

జగ్గయ్యకు ఏదో తేడాగా తోచింది. అయినా ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, "అమ్మాయ్, నా ముఖం పడిందా?" అని మధులతను అడిగాడు. ఆమె వాసు వైపు చూస్తోంది.

వాసుకు అప్పటికి ఒక్కో ముక్కా అతుక్కుంటోంది. గెడ్డం, చీపుర్లు, ఆధారం. "సిన్నమ్మా, మీరంతా ఎందుకొచ్చినారు?" అన్నాడు.

"గోడమీద నువ్వే కదరా అంటించినావు. కన్నబాబు రాక అని. ఆరుగంటలని."

"అది సినిమాకి సిన్నమ్మా. యాక్టింగు."

చిట్టెమ్మ ముఖం కొంచెం కొంచెంగా పాలిపోయింది. చీపురును ఐసు పెట్టె వెనక్కి జారవిడిచింది.

"మరి మీ యమ్మకి సెప్పీసినాన్రా."

"ఏటని?"

"నిన్న ఎవల్నీ సెప్పనీనేదు, పొద్దున్న ఏలం కాడ నానే సెప్పినాను. మీ ఆయన వత్తన్నాడప్పా, మొకం సూపించడంట, నువ్వే ముందు పలకరించు అని."

"ఏటంది?"

"ఏటీ అననేదు. గంపలోంచి కోనాం చేప తీసి పక్కన ఎట్టింది. మిగతాయన్నీ నాకిచ్చీసింది, అమ్ముకోమని. ఇంటికొచ్చే మనిసికి ఇంటికాడ ఉండాలని ఎల్లిపోనాది."

గంగాలమ్మ పాతికేళ్ళుగా చేపలమ్ముతోంది. వచ్చిన సరుకులో మంచిది ఎప్పుడూ జనానికి, తోకా తలా ఇంటికి. ఈ లెక్క వాసుకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కోనాం రుచి ఎలా ఉంటుందో మాత్రం సరిగ్గా తెలియదు.

ఇక గంగాలమ్మకు ఎవరు చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. జెట్టీ నుంచి అరవైమంది బయలుదేరారు. ఐసు ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చినవాళ్ళు పదిమంది తగ్గారు. రాములవారి గుడి మలుపులో పిల్లల బడి గుర్తొచ్చి మరో ఇరవైమంది. చిట్టెమ్మకు కూడా ఏదో గుర్తొచ్చేలా ఉందిగానీ చలమయ్య వదల్లేదు. "నడు. సెప్పిన నోరే సెప్పాల" అన్నాడు.

"ఈ చొక్కా విప్పేస్తానోయ్ అబ్బాయ్. బాగోలేదు" అన్నాడు జగ్గయ్య. ఇప్పుడాయన గొంతులో నాటకం లేదు.

"ఇప్పకండి" అన్నాడు చలమయ్య. "మాలో మనిసి పోతే, ఆడి బట్టలు సేత్తో పట్టుకొని ఇంటికి తెస్తారు. కాళీ సొక్కాయి గానీ సూసిందంటే అక్కడే పడిపోద్ది. ఒంటిమీదే ఉండనీండి."

గంగాలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. తలంటుకుంది. తడిజుట్టులో కనకాంబరాలు పెట్టుకుంది. లోపల పులుసు వాసన సందు దాకా వస్తోంది. సందు మలుపులో ముందుగా కనబడింది గళ్ళ చొక్కా. ఆమె లేవబోయింది. ఒక చెయ్యి గుమ్మం మీద ఆనించి సగం లేచింది. తర్వాత చొక్కా పైన ముఖం కనబడింది. ఆ సగం దగ్గరే కాసేపు ఆగి, మళ్ళీ కూర్చుంది. ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మలోకి దాటడానికి వాసు నెలరోజులు కూర్చుని గీసిన వాటిలో ఇది లేదు.

చెప్పవలసిన చిట్టెమ్మ నోరు తెరిచింది. మొదటిసారి అందులోంచి ఏమీ రాలేదు.

"అమ్మా, తప్పు నాదే" అన్నాడు వాసు. "సినిమాకి నాన సొక్కాయి తీసినాను. ఈయన మదులత తాతగారు. ఊరికే వీపు కోసం."

గంగాలమ్మ కొడుకు వైపు చూడలేదు. జగ్గయ్యను కింద నుంచి పైకి చూసింది.

"ఏటి సేస్తారు బాబూ తమరు?"

"స్టీలుప్లాంటులో చేసి రిటైరయ్యానమ్మా. నాటకాలు వేస్తుంటాను." ఆయన చేతులు జోడించాడు. "నాకు తెలియదమ్మా. తెలిస్తే వేసేవాణ్ణి కాదు."

"పొద్దున్నే వచ్చినారు. తిన్నారేటి?"

"లేదమ్మా."

"కూసోండి."

కంచం ముందే పెట్టి ఉంది. పీట వేసి ఉంది. గంగాలమ్మ అన్నం పెట్టి, కోనాం ముక్కల్లో నడిమి ముక్క తీసి వేసింది. నలభయ్యేళ్ళు ఏ వేషానికి ఆ వేషం వేసిన జగ్గయ్యకు ఈ పీట మీద ఎలా కూర్చోవాలో తెలియలేదు. తల వంచుకుని తిన్నాడు. గుమ్మం బయట పాతికమంది ఆయన తినడం చూస్తూ నిలబడ్డారు. మింగలేక ఒకసారి ఆగితే, "ముల్లు గుచ్చుకుందేటి?" అని అడిగింది గంగాలమ్మ. కాదని తలూపాడు.

కోపం ఎవరిమీద పడాలో తెలియక వీధిలో తిరుగుతోంది. చివరికి చలమయ్య దాన్ని సన్యాసమ్మ మీదికి తోలాడు.

"ఇదంతా పారాదీపు కాడ మొదలైంది. నీ సెల్లెలి అల్లుడిని పిలు. నా ఎదర సెప్పమను, ఏ జెట్టీలో సూసినాడో, ఏ రోజు సూసినాడో."

సన్యాసమ్మ పైట సర్దుకుంది. "ఆడికేటి తెల్సు? ఆడు పారాదీపు ఎల్లనేదు."

"మరెవలు సూసినారు?"

"నాకు సెప్పినోలు సెప్పినారు. పేరు సెప్పొద్దన్నారు. ఎవలో ఒకలు సూసినట్టు లేపోతే మాటకి విలువుండదని సెల్లెలి అల్లుడన్నాను."

"సెప్పినోలు ఎవలే?"

సన్యాసమ్మ చూపు గుమ్మంలోకి పోయింది. పులుసు గరిటె గిన్నెలో పెట్టి గంగాలమ్మ చెప్పింది.

"నానే."

చలమయ్య ఆమె వైపు తిరిగాడు.

"నలబయ్యో రోజున గాజులు తీసీడానికి వత్తన్నారని తెలిసింది" అంది గంగాలమ్మ. "సచ్చిపోనాడనడం కన్నా ఇంకోదానితో ఉన్నాడనడమే నాకు బాగుంది. ఎక్కడో ఒకకాడ తింతన్నాడు, తొంగుంతన్నాడు. తిట్టుకోడానికైనా ఉంతాడు. అందుకని సన్యాసమ్మకి సెప్పినాను. ముక్కుపుడకలూ, పిల్లలూ నావి కాదు. అయి మీరెట్టినారు."

చిట్టెమ్మ కళ్ళు తుడుచుకుంది. తప్పు చేసిన మనిషికి కూడా సందేహం సందేహమే కదా, ఆగలేక అడిగింది.

"నీ మాటే అప్పా అది. అబద్దమని నీకు తెల్సు. మరి నాను వచ్చి సెబితే కోనాం ఎందుకు తీసినావు?"

"నీ నోట్లోంచి వింటే నిజంలాగే ఉందే."

వాసు గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాగితం మీద తండ్రిని తెరమీదికి తీసుకురావడానికి వాడు పన్నెండు మార్గాలు రాసుకున్నాడు. అమ్మ ఏడేళ్ళ క్రితమే ఒక మాటతో తీసుకొచ్చి, ఇంకో కాపురం పెట్టించి, ఊరంతటి చేత నమ్మించింది. ఇవాళ తానూ నమ్మింది. వాడికి మాస్టారు వేసే మార్కులు గుర్తొచ్చాయి. అలా గుర్తొచ్చినందుకు సిగ్గేసింది.

జగ్గయ్య చెయ్యి కడుక్కుని లేచాడు. ఎవరూ చెప్పకుండానే లోపలి గదిలోకి వెళ్ళి చొక్కా మార్చుకుని, గళ్ళది నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు. ఎవరి చేతికివ్వాలో తెలియక కాసేపు తటపటాయించాడు. గంగాలమ్మ చెయ్యి చాపింది. తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. మధులత వచ్చి వాసు పక్కన నిలబడి, కెమెరాలో పడింది తుడిచెయ్యనా అని మెల్లగా అడిగింది. వాసు తెలియదన్నాడు.

జనం జారుకోవడం మొదలుపెట్టారు. చలమయ్య మాత్రం కదల్లేదు. మోకాలు పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. నిన్న గీయించుకున్న గెడ్డం మీద కన్నీటి చార తెల్లగా ఆరిపోయి ఉంది. ఏడేళ్ళుగా తమ్ముడు పోయాడని ఒకే మాట మీద ఉన్న మనిషి, గొంతు తగ్గించి మరదలితో అన్నాడు.

"గంగాలూ, నానొకటి సెప్తాను ఇను. ఆ వీపు పట్టుకున్నపుడు, ఒక్క నిమిసం, ఆడే. ఒట్టు. నా సేతులకి తెల్సింది. మనకేటి తెల్సు, ఏ కొత్తపట్నంలోనో, ఏ దీవిలోనో ఉన్నాడేమో. అమాసకి తొందరేటి? గడ్డి ఎక్కడికీ పోదు. ఇంకొక్క ఏడు సూద్దాం."

వాసు తల తిప్పి అమ్మ వైపు చూశాడు. ఆమె ఒళ్ళో చొక్కా మడతను అరచేత్తో సాపు చేస్తోంది.

"నువ్వు ఇయ్యాల ఒక్కపాలి పరుగెట్టినావు బావా. నాను ఏడేళ్ళబట్టి రోజూ పరుగెడతన్నాను. కాల్సీండి."